చిన్న ముళ్లపంది

త్రినాధరావు చేతిలో మొదట ఉన్నవి తొంభై రోజులు. ఆ లెక్క కట్టి ఇచ్చినవాడు మిషను దవాఖానా కాంపౌండరు దేవప్రసాద్. అతని నాలుగేళ్ల కూతురు పైడితల్లి దగ్గి దగ్గి, మొహం నల్లబడి, చివర్న కోడిపుంజు కూసినట్టు శబ్దం చేస్తూ ఊపిరి లాగడం ఆయన దగ్గరుండి విన్నాడు. కోరింత దగ్గేనని తేల్చాడు. దీని ఆయుష్షు వంద రోజులు, ఆ గడువు దాటితే దానంతటదే పోతుంది, మొదలై పది రోజులయిందంటున్నారు కాబట్టి ఇంక తొంభై గట్టెక్కించాలి అన్నాడు.

మందేమిటని అడిగితే మందు లేదన్నాడు. చెయ్యవలసిన పని మాత్రం ఉంది. దగ్గు తెర వచ్చినప్పుడల్లా పిల్లని నిటారుగా ఎత్తి పట్టుకోవాలి. గొంతుకి అడ్డం పడే కఫాన్ని వేలితో తీసెయ్యాలి. తెర చివర తిన్నదంతా కక్కేస్తుంది గనక, నెమ్మదించగానే మళ్లీ నాలుగు గుక్కల అంబలి పట్టాలి, లేకపోతే దగ్గుతో కాదు, ఆకలితో పోతుంది. పగలూ రాత్రీ కలిపి రోజుకి ఇరవై తెరలైనా వస్తాయి.

"ఒక్క మనిషి వల్ల కాదండీ త్రినాధరావుగారూ. ఇద్దరుండాలి. ఒకరు పడుకుంటే ఒకరు మేలుకోవాలి. ఇంతకంటే మందు మద్రాసులోనూ లేదు," అన్నాడు.

అది యుద్ధం ముగిసిన మరుసటి ఏడు, మాఘమాసం, చింతపండు కొండ దిగే కాలం. అనకాపల్లిలో కాస్త చేతనైన ప్రతివాడూ బెల్లంలో దిగుతుంటే త్రినాధరావు కొండసరుకు పట్టుకున్నాడు. చింతపండు, కుంకుడుకాయ, కొండచీపుళ్లు, నల్లజీడి, ఏదుపంది ముళ్లు. వారం వారం మాడుగుల సంతకి వెళ్లి కొండవాళ్ల దగ్గర కొనేవాడు. సరుకు చూపు బాగా ఉన్న మనిషి. చింతపండు చేత్తో ముట్టకుండానే ఏ కొండదో చెప్పగలడు. ఒక్కటే లోటు: ధర పలకని సరుకు మీద అతనికి నమ్మకం కుదరదు. ఊరికే వచ్చేదాన్ని ఎప్పుడూ అనుమానంగానే చూశాడు. కాంపౌండరు చెప్పిన మందు ఊరికే వచ్చేది.

అయినా మొదటి ఎనిమిది రోజులూ చెప్పినట్టే చేశాడు. ఇంట్లో ఉన్నది ఇద్దరే. పక్క వాటాలో ఉండే వదిన, దగ్గు అంటుకుంటుందని తన పిల్లల్ని తీసుకుని కశింకోట పుట్టింటికి వెళ్లిపోయింది. ఆవిణ్ణి తప్పు పట్టడానికి లేదు. భార్య నూకరత్నం అతని మేనత్త కూతురు, పెళ్లయి పదేళ్లయినా బావా అనే పిలుస్తుంది. ఇద్దరూ వంతులు వేసుకున్నారు. తెర రాబోయే ముందు పైడితల్లి ఆడుతున్న బొమ్మని కింద పెట్టి, ఎవరో పిలిచినట్టు గోడకేసి చూసేది. ఆ చూపుని అతను రెండో రోజుకే పట్టేశాడు. అది చూడగానే ఎత్తుకుని, వీపు నిమిరి, అయ్యాక మూతి తుడిచి, చోడి అంబలి పట్టేవాడు. కక్కినది కక్కగా కడుపులో ఎంతో కొంత నిలిచేది. పిల్ల పెద్దగా చిక్కలేదు.

ఎనిమిదో రోజున బజార్లో అరవ వైద్యుడు కనిపించాడు. సంత వీధి మొదట్లో చాప పరిచి, సీసాలూ వేర్లూ పెట్టుకుని ఏటా మూడు నెలలు కూర్చునే మనిషి. త్రినాధరావు సంగతి విని, చిన్న కొమ్ముడబ్బా లోంచి గోరంత బూడిద తీసి, తేనెలో రంగరించి నాకించమన్నాడు. ఆ రాత్రి పైడితల్లి మూడుసార్లే దగ్గింది. పొద్దున్నే త్రినాధరావు చాప దగ్గర కూర్చున్నాడు. ఆ డబ్బాలో అదే ఆఖరని వైద్యుడు తెరిచి చూపించాడు. అది ముళ్లపందిని పుటం పెట్టి తీసిన భస్మం. జంతువుని తెచ్చిస్తే ఒక్క రోజులో తయారుచేసి ఇస్తానన్నాడు.

"కానీ చిన్న ముళ్లపంది కావాలి సార్. పెద్దది పనికిరాదు. చిన్నది," అని రెండుసార్లు చెప్పాడు.

త్రినాధరావు మారు అడగలేదు. అతని కొట్లో ఏదుపంది ముళ్లు రెండు రకాలుగా ఏరి కట్టలు కడతారు. జానెడుకి మించి పొడుగున్నవి పెద్దరకం, అవి కలాలకీ సీమంతంలో పాపిట తియ్యడానికీ పోతాయి. సన్నగా కురచగా ఉన్నవి చిన్నరకం, అవి లేత జంతువువి. ముళ్లపంది అన్నా ఏదుపంది అన్నా అతనికి ఒక్కటే. చిన్న ముళ్లపంది అంటే ఏదుపంది పిల్ల అని లెక్క తేలిపోయింది. పైగా సరుకు పేరు విన్నాక మళ్లీ మళ్లీ అడిగేవాడు లోకువైపోతాడని వ్యాపారంలో నేర్చుకున్నాడు. వైద్యుడు వేలితో నేలమీద ఏదో గియ్యబోతుంటే, "తెలుసు తెలుసు," అని లేచాడు.

మాడుగుల పైన కొండల్లో కొండన్న అని, పోడు చేసుకునే మనిషి. ఇరవై ఏళ్లుగా త్రినాధరావుకి ముళ్లు ఇచ్చేది అతనే. త్రినాధరావు నేరుగా అక్కడికే వెళ్లాడు. ఏం కావాలో విని కొండన్న ముందు నవ్వాడు.

"ఏదుపంది పిల్లా? ముళ్లు కొనుక్కునే సావుకారు పిల్లని పెంచుకుంటాడేటి?"

"ఇంక మన కాడ కొనడు. ఆళ్ల పెరట్లోనే పండిత్తాడు," అంది అతని పెళ్లాం సోమాలమ్మ, కంద దుంపలు కడుగుతూ.

ఎందుకో చెప్పాక ఇద్దరూ నవ్వడం మానేశారు. కొండన్న తమ్ముళ్లని కూడా పిలిచి వెతకడానికి బయల్దేరదీశాడు. ఏదుపంది ఉండేది బండల సందుల్లో, దాని కలుగు మనిషి దూరేటంత ఉంటుంది, లోపల నాలుగు దారులుంటాయి. ఒక దారిలో పొగ పెడితే మరో దారిన పోతుంది. మూడు కలుగులు తవ్వితే రెండు ఖాళీ, మూడోదాంట్లో ముసలిది. పిల్లతో ఉన్న తల్లి కలుగు దొరకడానికి పదకొండు రోజులు పట్టింది. రాకపోకలు రెండు రోజులు. మొత్తం పదమూడు.

చింతపండు గంపలో పిల్లని పెట్టి, పైన గోనె కప్పి, త్రినాధరావు బస్సు స్టాండు నుంచి ఇంటికి కూడా పోకుండా నేరుగా వైద్యుడి చాప దగ్గరికి వచ్చాడు. వైద్యుడు గోనె ఎత్తి చూసి, మళ్లీ కప్పేశాడు.

"ఇది కాదు సార్."

"చిన్నదే కదా అడిగావు."

"ఇది పెద్దదాని పిల్ల. పెరిగితే పెద్దదవుతుంది. నేను చెప్పింది వేరే జాతి. అది ముసలిదైనా చిన్నదే." ఈసారి అతను నేలమీద గీసి చూపించాడు. కొబ్బరికాయంత జంతువు. ముళ్లు పొడుగువి కావు, కుంకుడుకాయ ముచికలంత. అవి రాలవు, గుచ్చుకుని ఉండిపోవు. ఎలుక మూతి, పెద్ద చెవులు. తాకితే మూతీ కాళ్లూ లోపలికి దాచుకుని బంతిలా చుట్టుకుపోతుంది. పురుగుల్నీ చెదల్నీ తేళ్లనీ తింటుంది, దుంప ముట్టదు. కొండల్లో ఉండదు, చిత్తడిలో ఉండదు. ఎర్రని పొడినేల, ముళ్లతుప్పలు, తాటిచెట్లు ఉన్నచోట, తుప్ప మొదట్లో మూరెడు బొరియ తవ్వుకుని ఒంటరిగా పడుకుంటుంది.

త్రినాధరావు ఆ గీత కేసి చూశాడు. పదమూడు రోజుల కిందట అదే వేలు అదే నేలమీద గియ్యబోయింది. తనే ఆపాడు.

ఇంటికి వచ్చేసరికి పైడితల్లి మెడ సన్నబడి తల పెద్దదిగా కనిపించింది. నూకరత్నం కళ్లకింద నల్లగా గుంటలు పడ్డాయి. ఒక్కత్తే కావడంతో పగలు వంట మానేసింది. దగ్గు తెరల మధ్య కూర్చున్నచోటే కునికేది, మెలకువ వచ్చేసరికి పిల్ల కక్కేసి ఉండేది, మళ్లీ పట్టడానికి అంబలి కాచి ఉండేది కాదు. ఏదుపంది పిల్లని మాడుగుల బండివాడితో కొండన్నకి తిరిగి పంపించేశారు.

అయిదు రోజులు అతను ఇల్లు కదల్లేదు. మళ్లీ వంతులు నడిచాయి. మూడో రోజుకి పైడితల్లి బొమ్మ అడిగింది. నాలుగో రోజున రెండు తెరల మధ్య నవ్వింది కూడా. అయిదో రోజు సాయంత్రం, అతను తాటితోపుల గురించీ ఎర్ర ఇసుక గురించీ తనలో తను గొణుక్కోవడం విని నూకరత్నం అంబలి గిన్నె కింద పెట్టింది.

"నువ్వుంటే దాని కడుపులో మెతుకు నిలుత్తంది బావా. ఎక్కడికీ ఎళ్లకు. ఆ మందు లేకపోయినా ఫర్వాలేదు, నువ్వుంటే సాలు."

ఆ మాట అతనికి వినిపించింది. కానీ అది ప్రేమతో అన్న మాటగా విన్నాడు, సరుకున్న మాటగా వినలేదు. ఒక్క గోరంత బూడిదకి రాత్రి మూడు తెరలే వచ్చిన సంగతి కళ్లారా చూసినది. తను పక్కన కూర్చోవడం వల్ల ఏం వస్తుందో అతని త్రాసులో తూగలేదు.

ఎర్ర ఇసుక, తాడిచెట్లు, ముళ్లతుప్పలు. మూడూ రాజయ్యపేట సముద్రపొడ్డున ఉన్నాయి కదా అనుకున్నాడు. మర్నాడు బయల్దేరాడు. అక్కడ అంతోనమ్మ అనే చేపలమ్మే ముసలామె వసారాలో దిగాడు. ఆమె తమ్ముడి కొడుకులు ఇద్దర్ని తోడు తీసుకుని, మొగలి పొదలూ జీడితోటలూ తాటితోపులూ మొదలంటా గునపంతో తవ్వించాడు. పందికొక్కులు దొరికాయి. ఉడుము దొరికింది. రెండు కట్లపాములు లేచాయి. ఆరో రోజు మధ్యాహ్నం అంతోనమ్మ ఎండుచేపలు తిరగేస్తూ అతన్ని కూర్చోమంది.

"నలభై ఏళ్లు ఈ ఇసకలో తిరిగేను బాబూ. పీత కన్నం ఏదో, తాబేలు గుంట ఏదో కళ్లు మూసుకు సెప్పగలను. నువ్వనే జంతువు ఇక్కడ నేదు."

ఎర్ర ఇసుక ఉందన్నాడు అతను. ముళ్లు ఉన్నాయన్నాడు. తాడిచెట్లు ఉన్నాయన్నాడు.

"అన్నీ ఉంటే సరిపోద్దేటి? దానికి ఇక్కడుండాలని ఉండొద్దూ? ఇంటికెళ్లు. నీ పెళ్లాం ఒక్కత్తే సత్తంటాది," అంది.

వెళ్లాడు. రెండు రోజులున్నాడు. పైడితల్లి అతను లేని ఆరు రోజుల్లో మళ్లీ వెనక్కి పోయింది. అతను వచ్చాక, ఈసారి బొమ్మ అడగలేదు. దేవప్రసాద్ చూడ్డానికి వచ్చి పిల్ల చెయ్యి పట్టుకుని, మీ వంతు ఎవరు కాస్తున్నారని అడిగాడు. ఆ జంతువు తమ ఊరి బయట దొరుకుతుందని అరవ వైద్యుడు చెప్పి ఉన్నాడు; త్రినాధరావు ఆ ఊరికి ఎన్ని బళ్లు మారాలో అడిగాడు. కాంపౌండరు చెయ్యి వదిలేసి లేచాడు. తెలిసినవాడే గనక బళ్ల సంగతి చెప్పాడు.

నూకరత్నం కూడా ఈసారి వెళ్లొద్దనలేదు. అతని చొక్కా ఉతికి ఆరేసింది, దారికి అటుకులు కట్టింది. ఇది చూసి త్రినాధరావు ఆమె కూడా ఒప్పుకుందనుకున్నాడు. ఆమెకి అడిగే ఓపిక పోయిందని అతనికి తట్టలేదు.

మద్రాసు దాకా ఒక బండి, అక్కడినుంచి తిరునెల్వేలి వైపు మరో బండి, ఆపైన జట్కా. సైనికులు ఇళ్లకి తిరిగి వెళ్తున్న రోజులు, బళ్లలో కాలు పెట్టే చోటు లేదు. నాలుగో రోజు మధ్యాహ్నం వైద్యుడి ఊరు చేరాడు. ఊళ్లో వాళ్లు మాట్లాడేది తెలుగే, ఎన్నో తరాల కిందట అక్కడికి పోయిన వాళ్లు. మాట యాసే వేరు. పదం పదం విడిగా వింటేనే అర్థమయ్యేది. వైద్యుడి మేనత్త అయిన ముసలావిడ ఆ జంతువులు పట్టి ఇచ్చేదట. వచ్చిన పని చెప్తే, రెండు రోజులాగితే ఎండ తగ్గాక చూద్దామంది. ఆ రెండు రోజులూ ఆమె వాకిట్లోనే కూర్చున్నాడు. మూడో రోజు పొద్దున్నే గునపం భుజాన వేసుకుని ఆమె బయల్దేరింది.

అలాంటి నేల త్రినాధరావు చూడలేదు. కనుచూపు మేర ఇటుకపొడి రంగు. పారే గెడ్డ లేదు, తోడే చెలమ లేదు. మోకాలెత్తు ముళ్లతుప్పలు దూరదూరంగా, వాటి మధ్య తాడిచెట్లు. గాలి పొడిగా ఉండి పెదాలు చీలిపోతున్నాయి. ముసలావిడ తుప్పల్ని చూడకుండా వాటి చుట్టూ నేలని చూస్తూ నడిచింది. ఒక తుప్ప దగ్గర వంగి, ఎండిన పెంట చూపించింది; నలిపితే అందులో పేడపురుగు రెక్కల తళుకు కనిపించింది. రాత్రి తిని వచ్చి పొద్దున్నే పడుకుంది, ఇక్కడే ఉంది అంది. తుప్ప మొదట్లో బొరియ అతని అరచెయ్యి పట్టేటంత. రెండు పోట్లు పొడిచి చెయ్యి పెట్టింది. బయటికి తీసింది ఒక ముళ్ల బంతిని.

దాన్ని తాటాకు మీద పెట్టి ఇద్దరూ దూరంగా కూర్చున్నారు. కాసేపటికి బంతి ఒకచోట విచ్చుకుంది. నల్లటి మూతి, నుదుటిమీద తెల్లటి గీత, తడి ముక్కు. గాలి వాసన చూసింది. దాని పొట్ట మీద ముళ్లు లేవు, వెంట్రుకలు కూడా పల్చనే. నెలల పిల్ల పొట్టలా ఉంది. వైద్యుడు గీసిన గీతకి ఎక్కడా తేడా లేదు. నేల సరే, తుప్ప సరే, జంతువు సరే. జీవితంలో ఇంత ఖచ్చితంగా సరుకు కుదరడం త్రినాధరావు చూడలేదు.

అప్పుడు, వ్యాపారి గనక, ఆఖరి ప్రశ్న అడిగాడు. మొదటే అడగవలసిన ప్రశ్న అది. ఇది కోరింత దగ్గుకి పనిచేస్తుందా అని.

"నాకు ఇద్దరు బిడ్డలు సామీ," అంది ముసలావిడ. "ఇద్దరికీ ఒకేసారి వచ్చింది. ఇద్దరికీ ఇదే పెట్టినాను. ఒకడు బతికినాడు."

"రెండోవాడు?"

"రెండోవాడికీ ఇదే పెట్టినాను."

త్రినాధరావు లెక్క కట్టాడు. పెట్టినవాడే బతికాడు, పెట్టినవాడే పోయాడు. అంటే అందులో సరుకు లేదు. మరి వైద్యుడు నాకించిన రాత్రి మూడు తెరలే ఎందుకు వచ్చాయి? అంతకుముందు కూడా అలాంటి రాత్రి ఒకటి గడిచింది. తన వంతులో, ఏ బూడిదా లేకుండా. అది అతనికి ఇప్పుడు గుర్తొచ్చింది. ఇరవై ఏళ్ల వ్యాపారంలో ఎవరైనా ఇలాంటి సరుకు చూపిస్తే లేచి వెళ్లిపోయేవాడు. కానీ వెయ్యి మైళ్లు వచ్చినవాడు ఖాళీ చేతులతో ఎలా వెళ్తాడు. బుట్టలో ఎర్రమన్ను పోసి, దానిమీద ముళ్లపందిని పెట్టి, తాటాకు మూత కట్టించుకున్నాడు.

తిరుగు ప్రయాణం నాలుగు రోజులు. మొదటి రెండు రోజులూ బుట్టని ఒళ్లోనే పెట్టుకున్నాడు. ప్రతి స్టేషన్లోనూ దీపపు పురుగులు ఏరి లోపల వేశాడు. గూడూరు దాటాక గాలి తేమగా మారింది. ముళ్లపంది తినడం మానేసి బంతి విప్పకుండా పడుకుంది.

అనకాపల్లిలో దిగేసరికి ఊరంతా నూకాలమ్మ జాతర. కొత్త అమావాస్య. స్టేషను నుంచి ఇంటిదాకా ఘటాలు, డప్పులు, జనం. బుట్టని నెత్తిమీద ఎత్తిపట్టుకుని తోసుకుంటూ వచ్చాడు. తన వీధి మలుపు తిరగ్గానే ఇంటిముందు జనం లేకపోవడం చూసి నెమ్మదించాడు. కశింకోట వెళ్లిన వదిన వసారాలో కూర్చుని ఉంది. పిల్లకి దగ్గు తగ్గితే తప్ప ఆవిడ రానంది. ఆవిణ్ణి చూడగానే అతనికి తెలిసిపోయింది. కాకపోతే రెండు రకాలుగా తెలిసింది, గుమ్మం దాటేదాకా మంచిరకమే అనుకున్నాడు.

నూకరత్నం గదిలో గోడకి ఆనుకుని ఉంది. పిల్ల పక్కబట్టలు చుట్టి ఉన్నాయి.

"మూడ్రోజులయింది," అంది. ఏడవలేదు. చెప్పవలసినది ముందే పేర్చుకున్నట్టు చెప్పింది. అతను వెళ్లిన దగ్గర్నుంచీ ఏడు రాత్రులు నిద్ర లేదు. ఎనిమిదో రోజు మిట్టమధ్యాహ్నం తెర వచ్చి తగ్గింది. అంబలి పట్టింది. పిల్ల భుజం మీదే నిద్రపోయింది. తనూ గోడకి ఆనింది. లేచేసరికి పిల్ల భుజం మీంచి ఒళ్లోకి జారి బోర్లా ఉంది. అంబలి గొంతుకి అడ్డం పడింది.

"నాకు కునుకు పట్టీసింది బావా," అంది. "దగ్గు తగ్గుముఖం పట్టిందే. ముందురోజు పన్నెండు తెరలే."

త్రినాధరావు బుట్టని ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే పట్టుకుని నిలబడ్డాడు. ఆమె దానికేసి చూసింది. లేచి, దాన్ని అతని చేతుల్లోంచి తీసుకుని మూల పెట్టింది, అతను కూర్చోవడానికి వీలుగా.

మర్నాడు పొద్దున్న అప్పలరాజు వచ్చాడు. రెండిళ్ల అవతల బెల్లం కొట్టు. అతని మనవడికి దగ్గు మొదలై పన్నెండు రోజులు. పరామర్శ మాటలయ్యాక అతని కళ్లు మూలనున్న బుట్టమీదే నిలిచాయి. నీకెలాగూ పనిలేదు కదా అని అనలేక, జంతువు ప్రాణంతోనే ఉందా అని అడిగాడు.

"అది పనిచెయ్యదు," అన్నాడు త్రినాధరావు. "ఇద్దరు మనుషులు కావాలి. వంతులేసుకుని కూచోండి. తెర తగ్గగానే అంబలి పట్టండి. అదే మందు."

అప్పలరాజు తల దించుకుని ఓపిగ్గా విన్నాడు. తన పిల్ల పోయిందన్న కడుపుమంట కొద్దీ అలా అంటున్నాడని అనుకున్నాడు. గుమ్మం దాటాక, వినిపించేలాగే అన్నాడు: "ఒకడి బిడ్డ బతుకుతుందంటే మనిషికి అంత గిట్టదేటి."

సాయంత్రం నూకరత్నమే బుట్ట తీసుకెళ్లి అప్పలరాజు ఇంట్లో ఇచ్చి వచ్చింది. అరవ వైద్యుడు ఆ రాత్రే పుటం పెట్టాడు.

అప్పలరాజు మనవడు బతికాడు. ఆ ఇంట్లో ముసలామె, ముగ్గురు కోడళ్లు, పెళ్లికావలసిన కూతురు. ఒకరు దించితే ఒకరు ఎత్తుకునేవారు, ఆ పిల్లవాడు నేలమీద పడుకుని ఎరగడు. వాళ్ల గుమ్మంలోంచి చూస్తే త్రినాధరావుకి ఎవరి వంతు ఎప్పుడో కూడా తెలిసిపోయేది. కానీ ఊళ్లో అందరూ చెప్పుకున్నది బూడిద గురించే. దూరదేశం నుంచి తెచ్చిన చిన్న ముళ్లపంది, తన పిల్లకి అందకపోయినా పక్కింటి పిల్లవాణ్ణి నిలబెట్టిందని. ఎండలు ముదిరాక వైద్యుడు చాప చుట్టుకుని ఎటో వెళ్లిపోయాడు. దగ్గు మాత్రం ఊళ్లో ఉండిపోయింది, ఇల్లిల్లూ తిరిగింది.

అప్పటినుంచి కొట్టుకి కొత్త మనుషులు రావడం మొదలైంది. చింతపండు కోసం కాదు. కళ్లకింద గుంటలు పడ్డ తండ్రులు. త్రినాధరావు ప్రతివాడికీ ముందు ఆ మాటే చెబుతాడు: ఇద్దరు మనుషులు, వంతులు, అంబలి. వాళ్లు పెద్దమనిషి మాట తీసెయ్యకూడదన్నట్టు తలాడిస్తూ, అది అయ్యేదాకా ఆగి, అప్పుడు అడుగుతారు అది ఎక్కడ ఉంటుందని. చెప్పకపోతే కదలరు. చెప్పకుండా పంపేస్తే కొండలెక్కుతారు, ఏదుపంది పిల్లల్ని తవ్వుతారు, రాజయ్యపేట తోపులు తిరుగుతారు. అందుకని చెబుతాడు. ఎర్రని పొడినేల, మోకాలెత్తు తుప్ప, అరచెయ్యి పట్టే బొరియ, ఏ స్టేషన్లో దిగాలో, ఎవర్ని అడగాలో. మొన్న సన్యాసిరావు అనే వడ్రంగి అంతా రెండుసార్లు అప్పజెప్పించుకుని వెళ్లాడు. ఇంట్లో ఇంకెవరున్నారని త్రినాధరావు అడిగితే, భార్య ఉంది, చూసుకుంటుందన్నాడు. సాయంత్రం మద్రాసు బండికే టిక్కెట్టు కొన్నాడట.

అతను పోయాక త్రినాధరావు కొట్టు కట్టేసి, గట్టుమీద కూర్చుని, తన లెక్క మరోసారి కట్టుకున్నాడు. మొదట చేతిలో ఉన్నవి తొంభై. ఖర్చయినవి నలభై రెండు. అందులో పైడితల్లి దగ్గర ఉన్నవి పదిహేను, తుప్పల వెంట తిరిగినవి ఇరవై ఏడు. మిగిలిపోయిన నలభై ఎనిమిదీ వెనక్కి తీసుకునేవాడు లేడు. గిట్టుబాటు అయినది ఒక్కటే: చిన్న ముళ్లపంది ఎక్కడ ఉంటుందో ఇప్పుడు తనకి తెలుసు.